చెఱువు దోషములాఱు: పోరుమామిళ్ల శాసనము నుండి పోచంపాడు వఱకు

ఆంధ్రదేశమున చెఱువుల నిర్మాణమును తెలుపు శాసనములు విస్తారముగా లభించుచున్నవి. వానిలో పెక్కు దాత వంశమును వర్ణించి, దానమును పేర్కొని, పుణ్యఫలమును కీర్తించి ముగియును. చెఱువు నెట్లు కట్టవలెను, ఎచట కట్టరాదు అని చెప్పునవి మిక్కిలి అరుదు. కడప మండలమందలి పోరుమామిళ్ల తటాకశాసనము అట్టి అరుదైన వానిలో మొదట లెక్కింపదగినది. దాని కాలము శక సంవత్సరము 1291, అనగా క్రీ. శ. 1369. విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఉదయగిరి నేలుచు కట్టించిన చెఱువిది. శాసనము సంస్కృత శ్లోకములలో నున్నది. ప్రతిదినము వేయిమంది పనివారు, నూఱు బండ్లు, రెండు సంవత్సరముల కాలము ఈ పనికి పట్టినట్లు అందు చెప్పబడినది.

దీనిని ఎపిగ్రాఫియా ఇండికా 14వ సంపుటమున పరిష్కరించి ప్రకటించినవారు వి. ఎస్. సుక్తంకర్ గారు. తరువాతి కాలమున పూనాలో మహాభారత సంశోధిత ప్రతికి ప్రధాన సంపాదకులైనది వీరే. ప్రతులను సరిపోల్చి, తప్పు ఎచట దొర్లినది, ఏల దొర్లినది అని వెదకుటయే జీవితవ్రతముగా గల పండితుని చేయి, దోషముల నెంచిన ఈ శాసనముపై ముందుగా పడుట యాదృచ్ఛికమే. ఐనను తలచుకొన్నపుడెల్ల మాకు సంతోషము కలుగును.

ఈ శాసనమును సాధారణముగా రెండు విధముల వాడుకొనుచున్నారు. మన పూర్వులకు తెలియని శాస్త్రము లేదని చాటుటకు కొందఱు దీనిని పేర్కొందురు. ఇది కేవల కవిసమయమని మఱికొందఱు ప్రక్కన బెట్టుదురు. శాసనమును చదువకుండుటకు రెండును మంచి మార్గములే. మేము వేఱొక ప్రశ్న వేసికొంటిమి. ఒక పని తలపెట్టువాడు అందలి చిక్కును ముందుగా ఎట్లు గుర్తింపవలెను? గుర్తించినదానిని ఏ వరుసలో పరీక్షింపవలెను? ఆఱువందల యేండ్ల క్రిందటి ఒక పండితుడు దీనికి చెప్పిన సమాధానము నేటి ఒక పెద్ద జలాశయము ఎదుట నిలుచునా, నిలువదా? ఈ ప్రశ్నతో మేము, మా పరిశోధక విద్యార్థులు కొందఱు, శాసనపాఠమును చేతబట్టుకొని నిజామాబాదు జిల్లాలోని పోచంపాడునకు వెళ్లితిమి.

ముందుగా శాసనమేమి చెప్పుచున్నదో చూతము. మంచి చెఱువునకు సాధనములు పండ్రెండు. ధర్మపరుడు, ధనవంతుడు, కీర్తికాముడు నగు రాజు మొదటిది. పాథశ్శాస్త్రము నెఱిగిన బ్రాహ్మణుడు రెండవది. పాథస్సనగా నీరు, కావున ఇది జలశాస్త్రమే. గట్టి బంకమట్టి నేల, మూడు యోజనముల దూరమునుండి తీయని నీటిని తెచ్చు నది, చెఱువును తాకుచున్న కొండ, ఆ కొండ భాగముల నడుమ మిక్కిలి పొడవు గాక దృఢమైన రాతికట్ట, పంట నేలలకు ఎడముగా తొలగిన కట్టకొనలు రెండు, విశాలమును లోతును గల గర్భము, నిడుపైన రాళ్లు దొరకు గని, చేరువలో సమతలమైన సారవంతపు పొలములు, కొండ స్థితిచేత బలమైన సుడులు గల నీటిదారి, తుదకు కట్టుటలో నేర్పరులైన పనివారు.

ఇక దోషములాఱు. కట్టనుండి నీరు ఊరుట ఒకటి. చౌడునేల రెండు. రెండు రాజ్యముల సరిహద్దున నుండుట మూడు. చెఱువు గర్భము నడుమ మిట్ట యుండుట నాలుగు. దీనిని శాసనకవి కూర్మ మన్నాడు, తాబేటి వీపు. నీరు కొంచెమై, పాఱవలసిన నేల విస్తారమగుట అయిదు. నీరు మెండై, నిలుచు చోటు చాలకుండుట ఆఱు.

సాధనముల పట్టికను మెచ్చుకొన్నవారు పెక్కురు. మా దృష్టిలో విలువైనది రెండవ పట్టిక. సాధనములు కలిగిన వానిని చూచి వ్రాసినవి. మంచి చెఱువు కట్టిన ఎవడైనను, తాను చేసినదంతయు మంచిచేయుటకు కారణమని భావించి యిట్టి జాబితా నొకటి వ్రాయగలడు. దోషములను వ్రాయవలెనన్నచో చెడిన చెఱువులను చూచియుండవలెను. తెగిన కట్ట యొద్దకు నడచి, ఇది వానవలన తెగినదా, ఊటవలన తెగినదా అని విచారించి యుండవలెను. అంతటితో ఆగక, ఒక్క చెఱువు చెడుటకు గల కారణమును వేఱు చెఱువుల చేటుతో పోల్చి, పేరు పెట్టియుండవలెను. ఆ ఆఱింటిలో రెండు నేలకు, గర్భమునకు చెందినవి; ఒకటి కట్టకు; రెండు పరిమాణముల పొందికకు; ఒకటి, ఆశ్చర్యకరముగా, రాజ్యపాలనకు. నీటి చిక్కు నీటిలోనే యుండునని శాసనకర్త భ్రమపడలేదు.

కాని యొక లోపము కలదు. కొంచెము, మెండు అను మాటలకు కొలత చెప్పబడలేదు. ఎంత నీరు కొంచెము? ఎంత నేలకు? ఈ లోపమును తప్పు పట్టుటకు ముందు ఆర్మూరు ప్రాంతపు పసుపు రైతును తలచుకొనుట మంచిది. కొమ్ములను బానలలో ఉడకబెట్టునపుడు అతడు నురుగును చూచును. ఆవిరి వాసనను పట్టును. ఒక పుల్లను గ్రుచ్చి, తేలికగా దిగినచో చాలునని దింపును. అతనికి ఉష్ణమానము లేదు, గడియారము లేదు. ఐనను కొలత లేని జ్ఞానము జ్ఞానము కాదనరాదు. పసుపునకు సున్నము తగిలిన ఎఱ్ఱబడునని పారాణి కలుపు ప్రతి గృహిణికిని తెలియును. పసుపులోని వర్ణద్రవ్యమును ఐరోపాలో వోగెల్, పెల్లెటియరు అనువారు వేఱుచేసినది 1815లో. దాని అణునిర్మాణము నిర్ణయమైనది 1910లో. గుర్తు ముందు, కారణము తరువాత, కొలత ఆ పిమ్మట వచ్చుట శాస్త్రచరిత్రలో మామూలే. ఐతే గుర్తులతో ఒక బాన పసుపును దింపవచ్చును. ఒక మహానదిని ఆపుటకు గుర్తులు చాలవు.

ఈ మాఱ్పు మన దేశమున ఎట్లు వచ్చినదో తెలుపుటకు ఒక్క యుదాహరణము చాలును. 1908 సెప్టెంబరు 28న మూసీనది హైదరాబాదును ముంచెత్తెను. అపార ప్రాణనష్టము కలిగెను. మఱుసటి యేడు నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించెను. నగరమును నీటినుండి కాపాడుట యెట్లు అనునది ఆయన కిచ్చిన ప్రశ్న. ఆయన వాననీటి లెక్కలను, పరీవాహక ప్రాంతమును, ఎగువ తెగిన చెఱువులను విచారించి ఆ ప్రశ్ననే మార్చివైచెను. నగరమున గోడలు లేపుట కాదు, వరదను నగరమునకు ఎగువ నిలుపుటయే చేయవలసినది అని తేల్చెను. ఉస్మాన్‌సాగరు (1920), హిమాయత్‌సాగరు (1927) ఆ సమాధానములు. శాసనభాషలో చెప్పవలెనన్న, ఆఱవ దోషమునకు మందు చెఱువును వదలుట కాదు, మఱి రెండు చెఱువులను చేర్చుట. కాని ఆ రెండు ఎంత పెద్దవిగా నుండవలెనో చెప్పినది మాత్రము అంకెలే.

ఇక పోచంపాడు. నేడు మెండోరా మండలమున చేరిన ఈ చిన్న గ్రామమువద్ద గోదావరికి అడ్డముగా ఆనకట్ట కట్టుటకు 1963 జూలై 26న ప్రధానమంత్రి జవాహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిరి. తరువాత ఇది శ్రీరాంసాగరు అను పేరు పొందినది. నడుమ రాతికట్టడము, దానిపై 42 గేట్లు, ఇరుప్రక్కల మట్టికట్టలు. ఎగువనున్న పరీవాహక ప్రాంతము 91,751 చదరపు కిలోమీటర్లు. పూర్తి నీటిమట్టము 1091 అడుగులు. ఆ మట్టమున జలాశయము 112 టీయంసీల నీటిని పట్టునట్లు రూపొందించిరి. ప్రధానమైన కాకతీయ కాలువ పొడవు 284 కిలోమీటర్లు. కట్టపై నిలిచి ఎగువకు చూచిన ఎదుటి గట్టు కానరాదు. పోరుమామిళ్ల పండితుడు దీనిని సముద్రమనియే వర్ణించి యుండును.

మేము దోషములను ఒక్కొక్కటిగా పరీక్షించితిమి. మొదటి రెండింటిపై ఎక్కువ కాలము గడపలేదు. మట్టికట్టలో నీరు ఊరకుండుట అసాధ్యమని నేటి శాస్త్రము ఎఱుగును. ఫ్రాన్సు దేశపు హెన్రీ డార్సీ 1856లో ఇసుకగుండా నీరు పాఱు వేగమునకు సూత్రమును కనుగొన్నప్పటినుండి ప్రశ్న రూపమే మాఱినది: ఊట నెట్లు ఆపుదుము అని కాదు, మట్టి కొట్టుకొనిపోకుండ ఊటను ఎట్లు వెలికి పంపుదుము అని. దోషము విధేయమైన సేవకుడైనది. చౌడును గూర్చి యిచట చెప్పదగిన దేదియు మాకు కనబడలేదు.

మూడవ దోషము వద్ద మా విద్యార్థులు ఆగిపోయిరి. రెండు రాజ్యముల సరిహద్దు. 1369లో దీని యర్థము స్పష్టము; పొరుగు రాజు కట్టను తెంచును, లేదా నీరు తనదనును. పోచంపాడు విషయమున ఇది యెట్లు పొసగును? గోదావరి హైదరాబాదు రాష్ట్రమున ఔరంగాబాదు, పర్భణీ, నాందేడు జిల్లాల మీదుగా వచ్చుచుండెను. ఆ రోజులలో పోచంపాడునకు ఎగువ వందల మైళ్ల వఱకు సరిహద్దు లేదు. నదియు, ముంపునేలయు, పంటనేలయు ఒకే ప్రభుత్వపు క్రింద నుండినవి. 1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణము జరిగినది. మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రమున చేరెను, పిమ్మట మహారాష్ట్ర మయ్యెను. నదియు కదలలేదు, నేలయు కదలలేదు. సరిహద్దు కదలి జలాశయపు గట్టునకు వచ్చినది. చోటును ఎంచుకొనునపుడు లేని దోషము, శంకుస్థాపన నాటికి కలిగినది. దోషము చోటు గుణమని శాసనకర్త తలచెను. అది కాలము గుణము గూడ కావచ్చునని పోచంపాడు మనకు చెప్పుచున్నది.

ఈ చిక్కును విప్పిన విధము ఆలోచింపదగినది. 1961లో నియమితమైన గుల్హాటీ సంఘము కృష్ణా గోదావరుల నీటిని విచారించి, 1962లో తన నివేదిక నిచ్చుచు, నదీప్రవాహముల లెక్కలు చాలవనియు, కొలతలు సరిగా సేకరింపవలెననియు చెప్పెను. నీటిని పంచుకొను వారికి, ముందు నీటిని కొలువుడని చెప్పుట రుచింపకపోవచ్చును. కాని మొదటి యడుగు అదియే. 1969లో బచావత్ గారి యధ్యక్షతన గోదావరి జలవివాదముల న్యాయస్థానము ఏర్పడెను. దానియెదుట వాదము సాగుచుండగనే 1975 అక్టోబరు 6న మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశములు ఒడంబడికకు వచ్చెను. పైఠణు ఆనకట్ట వఱకు గల నీటిని మహారాష్ట్ర వాడుకొనవచ్చును, దాని దిగువ పోచంపాడు వఱకు క్రొత్త పనులకు 60 టీయంసీలు వాడుకొనవచ్చును, మిగిలినది ఆంధ్రప్రదేశమునది. దానికి బదులుగా పోచంపాడు నీటిమట్టము 1091 అడుగులును, వరదమట్టము 1093 అడుగులును ఉండుటకు మహారాష్ట్ర సమ్మతించెను. 1980 జూలైలో వెలువడిన తీర్పులో ఈ యొడంబడిక చేరినది. ముంపు ఎంత, నీరెంత అను రెండు తగవులను ఒకదానితో నొకటి తూచి తీర్చిరన్నమాట.

తీర్చిరా? పోచంపాడు ముంపు ప్రాంతమునకు పైకొనలో, నాందేడు జిల్లాలోని బాభళీ వద్ద మహారాష్ట్ర 2.74 టీయంసీలు పట్టు బారేజీని కట్టెను. తగవు సుప్రీంకోర్టునకు పోయెను. 2013 ఫిబ్రవరి 28న వెలువడిన తీర్పు మాకు మిక్కిలి కుతూహలము కలిగించినది. కట్టడమును కూలద్రోయుమని చెప్పలేదు. నీటి పాళ్లను మార్చలేదు. జూలై 1 నుండి అక్టోబరు 28 వఱకు ఆ గేట్లు ఎత్తియుండవలెను. మార్చి 1న 0.6 టీయంసీల నీటిని దిగువకు వదలవలెను. అంతే. గేట్లెత్తు దినమున ఉభయ రాష్ట్రముల యధికారులును కేంద్ర జలసంఘము వారును అచటికి వచ్చి చూతురు. వానకాలపు నీరు నదిది, ఎండకాలపు నీరు నిలిపినవానిది అని విడదీయుటకు రాతితో పని లేకపోయెను, పంచాంగము చాలెను. మూడవ దోషమునకు మందు తిథులలో నున్నదని పోరుమామిళ్ల కవికి తోచియుండదు.

అయిదవ దోషము దీనికి తోబుట్టువు. నీరు కొంచెము, నేల విస్తారము. పోచంపాడు మొదటి దశ ఆయకట్టు 9.68 లక్షల ఎకరములు. రెండవ దశ దానికి తోడైనది. ఎగువ పైఠణు జలాశయము 1976 నాటికి నిండ నారంభించెను; పిమ్మట విష్ణుపురి మొదలగునవి వచ్చెను. వాన తక్కువైన యేండ్లలో పోచంపాడునకు చేరు నీరు తఱిగినది. ఇచట పదియవ సాధనమును గూడ తలపవలెను: చేరువలో సమతలమైన పొలములు. పోచంపాడు విషయమున చేరువయు, సమతలమును ఒకచోట లేవు. కాకతీయ కాలువ దూరపు కరీంనగరము, వరంగల్లు నేలలకు వాలుగా పోవును. జలాశయమునకు ప్రక్కనే యున్న ఆర్మూరు ప్రాంతపు మెట్టలు ఎత్తున నున్నవి. పసుపు ఎనిమిది తొమ్మిది నెలల పంట. మడి తడి యారరాదు. ఆ రైతులు బావులను, బోర్లను నమ్ముకొని యుండిరి. ఒక ముసలి రైతు మాతో, ‘నీళ్లు కండ్ల ముందట్నే ఉండె సారూ, చేన్ల లేకుండె’ అనెను. దీనికంటె సూక్ష్మముగా ఆ దోషమును చెప్పగల శ్లోకము మాకు కనబడలేదు. తరువాత గుత్ప, అలీసాగరు ఎత్తిపోతలు వచ్చి ఈ కొఱతను కొంత తీర్చినవి. ఆ రెండింటి నీటిలో ఒక భాగము నిజాంసాగరు ఆయకట్టు చివరి భూములకు పోవుచున్నదను సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. దాని కారణము ముందు రానున్నది.

అయిదవ దోషమునకు మఱియొక చికిత్స 2017 ఆగస్టు 10న పోచంపాడు వద్దనే ఆరంభమైనది. దానికి పునరుజ్జీవన పథకమని పేరు. పోచంపాడునుండి మిడ్‌మానేరునకు 122 కిలోమీటర్లు పాఱు వరదకాలువలో నీటిని ఎదురు నడపుట దాని యుపాయము. కాళేశ్వరము పథకముచే దిగువ గోదావరినుండి ఎత్తిన నీటిని ఈ కాలువలోనికి మళ్లించి, రాంపూరు, రాజేశ్వరరావుపేట, ముప్కాలు అను మూడుచోట్ల పంపులతో మెట్టు మెట్టుగా ఎక్కించి, జలాశయమునకు చేర్తురు. కాలువ వాలు స్వల్పము కావున ఇది సాధ్యము. ఒక అడ్డుకట్ట వెనుక నీరు నిశ్చలముగా నిలిచినపుడు దానికి ఎగువ దిగువలు లేవు. సమతలమైన ఆ నీటిని కొంచెము ఎత్తినచో వెనుకటి మెట్టునందు తిరిగి సమతలమగును. లాకులలో పడవ నెక్కించు విధమే యిది. ఆలోచనగా దీనిని మెచ్చుకొనక తప్పదు. నది తన పుట్టినింటివైపు నడచుచున్నదని విన్నపుడు మా విద్యార్థులలో నొకడు కాలువ గట్టున కూర్చుండి గంటసేపు లెక్కలు వేసెను.

కాని నీటి మూలము ఆ దిగువ బారేజీలలో నున్నది. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బారేజీ స్తంభములు కొన్ని క్రుంగినవి. ఇసుకమీద నిలుపు కట్టడమునకు పునాది యెట్లు వేయవలెనను ప్రశ్న మన దేశమున క్రొత్తది కాదు. ధవళేశ్వరము ఆనకట్టను (1847-52) కట్టిన ఆర్థరు కాటన్, వదులైన ఇసుకలో పునాది నిలుపు విద్యను కావేరిపైనున్న ప్రాచీనమగు కల్లణై నుండి నేర్చుకొంటిమని ఒప్పుకొనెను. తనకంటె పాతదానిని ప్రశ్నింపక కూల్చుట గాని, ప్రశ్నింపక పూజించుట గాని ఆయన చేయలేదు, త్రవ్వి చూచెను.

ఆఱవ దోషమునకు పోచంపాడున 42 గేట్లు సమాధానము చెప్పుచున్నవి. కాన దానిని విడిచెదము.

మిగిలినది నాలుగవది, కూర్మము. ఇచట మాలో మాకు వాదము కలిగినది. పోచంపాడు గర్భమున నేడు పేరుకొనిన పూడికయే శాసనకర్త చెప్పిన కూర్మమని ఒక విద్యార్థి వాదించెను. వినుటకు ఇంపుగా నుండెను, కాని మేము అంగీకరింపలేదు. శాసనమున కూర్మము కట్టుటకు ముందే యుండు మిట్ట. చోటును ఎంచునపుడు చూచి విడువవలసినది. పూడిక కట్టిన తరువాత వచ్చునది. పాత మాటకు క్రొత్త యర్థమును తొడిగినంతమాత్రమున పూర్వుల గౌరవము పెరుగదు, తెలుగు శాఖవారికి గ్రంథపరిష్కార విద్య నేర్పిన మొదటి పాఠమిది. అప్పుడు అసలు ప్రశ్న మిగిలినది. చెఱువులకు పూడికకంటె పెద్ద శత్రువు లేదు. దోషముల నెంచిన పండితుడు దానిని ఏల యెంచలేదు?

ముందు పూడిక సంగతి చూడుడు. పోచంపాడు 112 టీయంసీల పరిమితి 1994 నాటి సర్వేలో సుమారు 90కి దిగినది. ఇటీవలి కొలతలో సుమారు 80.5గా తేలినది. పూర్వపు నిజామాబాదు జిల్లాలోనే దీనికి అన్న వంటిది నిజాంసాగరు. నవాబు అలీ నవాజ్ జంగు గారి కాలమున, 1923-31 నడుమ మంజీరపై కట్టబడినది. అది 29.7 టీయంసీలతో ఆరంభమై 1970ల నడిమికి 11.8కి చేరినది. దాని చివరి భూములకు పోచంపాడు నీటిని ఎత్తిపోయవలసి వచ్చుట యిందుచేతనే. ఆ మంజీర, హరిద్ర అను చిన్న యేఱుతో గూడ కందకుర్తి వద్ద గోదావరిలో కలియును. పసుపు పండు సీమలో ఒక యేటికి పసుపు పేరుండుట ముచ్చటైన విషయము. ఆ ఏర్లన్నియు ఒండ్రునే మోసికొని వచ్చుచున్నవి.

జలాశయ నిర్మాతలకు పూడిక తెలియదా? తెలియును. అడుగున కొంత చోటును దానికొఱకు విడిచిరి కూడ. ఒండ్రు మెల్లగా అడుగునకు దిగి ఆ చోటులో చేరునని తలంపు. నీటి స్వభావము వేఱు. నదీజలము నిలువనీటిని తాకినతోడనే వేగము తగ్గును; ముతక యిసుక ముందుగా, జలాశయపు తలకట్టునందే పడిపోవును; సన్నని రేగడి మాత్రమే కట్టవఱకు పోవును. కావున పూడిక అడుగున విడిచిన చోటునే కాక, పంటకు వాడుకొను నీటి చోటును గూడ మొదటినుండియే ఆక్రమించును. పూడిక ఎంత యను లెక్కతోపాటు, ఎచట యను లెక్కయు తప్పినది.

ఇక శాసనకర్త మౌనమునకు వత్తము. మా యభిప్రాయమిది. ఆయనకు దోషమనగా పని మొదలు పెట్టుటకు ముందు ఎఱుగవలసినది. పూడిక దోషము కాదు, పని. ఏటేట చేయవలసినది. విజయనగర కాలపు శాసనములు కొన్నింటిలో చెఱువు పూడిక తీయుటకు బండ్లను నిలిపి, వానికై భూమినిచ్చిన దానములు కలవు. దశబంధ మాన్యములు చెఱువు మరమ్మతునకే యేర్పడినవి. నీరటి తూము చూచును, బండి మన్ను మోయును, ఆ మన్ను రైతు చేనికి ఎరువగును. చిక్కులలో రెండు జాతులున్నవని దీనివలన తెలియుచున్నది: ఒక్కసారి చక్కగా ఆలోచించినచో తీఱునవి, ఎంత చక్కగా ఆలోచించినను తీఱక ఏటేట చేయవలసినవి. ఆధునిక జలాశయ నిర్మాతలు రెండవ జాతిని మొదటి జాతిగా పొరబడిరి. అడుగున చోటు విడిచితిమి, తీఱినదనుకొనిరి. 2015 మార్చి 12న నాటి నిజామాబాదు జిల్లా సదాశివనగరమున ఆరంభమైన మిషన్ కాకతీయ, తెలంగాణములోని 46 వేలకు పైబడిన చెఱువులకు పూడికతీత తలపెట్టి, ఆ మన్నును రైతుల పొలములకు తోలించినది. పాత పనిని పాత పేరుతో తిరిగి మొదలిడుటయే అది.

పెద్ద జలాశయమున ఆ పని సాధ్యమా? మేము ఒక లెక్క వేసితిమి. పోచంపాడున పోయిన చోటు 31.5 టీయంసీలు. ఒక టీయంసీ అనగా సుమారు 2.83 కోట్ల ఘనమీటర్లు. మొత్తము 89 కోట్ల ఘనమీటర్ల మన్ను. ఒక లారీకి 10 ఘనమీటర్ల చొప్పున 8.9 కోట్ల లారీలు. దినమునకు వేయి లారీలు విరామము లేక తోలినను సుమారు 244 సంవత్సరములు. ఆ కాలమున గోదావరి ఊరకుండదు. పోరుమామిళ్లలో నూఱు బండ్లు రెండేండ్లలో చేయగలిగిన పనికిని దీనికిని పోలిక లేదు. పూడికను మోయుటకంటె, వరద మొదటి నీటిని బురదతో గూడ గేట్లద్వారా విడిచి వేయుట, ఎగువ నేలలు కోతపడకుండ చూచుట, ముతక యిసుకను తలకట్టునందే తీసి వాడుకొనుట అను మార్గములను ఇంజనీర్లు చర్చించుచున్నారు. వీనిలో మొదటిదానికి అడ్డు వచ్చునది మన పాత మూడవ, అయిదవ దోషములే. కఱవు భయము గల జలాశయము జూలై నీటిని విడువలేదు. ఎగువ గేట్లు ఎత్తి యుండు కాలమును కోర్టు నిర్ణయించి యున్నది. ఒక దోషమునకు కనుగొన్న మందు మఱియొక దోషమునకు పథ్యమును నిర్ణయించుచున్నది.

పూడిక బండ్ల దానములను తెలుపు శాసనములను మా విద్యార్థులు జిల్లాలవారీగా సేకరించుచున్నారు. ఒక్కొక్క చెఱువునకు ఎన్ని బండ్లు, ఎంత మాన్యము, ఏ నెలలలో పని అను వివరములు లభించినంతవఱకు పట్టికగా కూర్చి, ఆయా చెఱువుల విస్తీర్ణముతో సరిపోల్చి, పాఠములతో గూడ రాబోవు సంచికలో ప్రకటింపదలచితిమి.